నలభై ఇళ్లు, వంద ఎకరాలు

ఈ ఉపన్యాసం తొలి భూదాత వెదిరె రామచంద్రారెడ్డి స్మృతికి. చెప్పబోయేది పోచంపల్లి కథ. అయితే హైదరాబాద్ చైతన్యపురిలో కూర్చుని పోచంపల్లి గురించి మాట్లాడేటప్పుడు, ముందు చైతన్యపురి రాయిని ఒకసారి తలుచుకోవడం మర్యాద.

ఇక్కడి నుంచి మూసీ వైపు వెళ్తే ఫణిగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. అక్కడి బండ మీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఒక శాసనం ఉంది. కాలం సుమారు క్రీ.శ. 4, 5 శతాబ్దాలు. అందులో గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం పేరు కనిపిస్తుంది. విష్ణుకుండినుల కాలం నాటిదని చరిత్రకారుల మాట. హైదరాబాద్ నగరంలో దొరికిన శాసనాల్లో అతి పాతవాటిలో ఇదొకటి. చార్మినార్ కట్టింది 1591లో. అంటే ఈ బండ మీద అక్షరాలు చెక్కే నాటికి చార్మినార్‌కు ఇంకా వెయ్యేళ్లకు పైనే వ్యవధి ఉంది. రోజూ మెట్రో ఎక్కి దిగే వేల మందిలో ఆ బండను చూసినవాళ్లు ఎందరో చేతులెత్తమంటే ఈ హాల్లోనూ పెద్దగా చేతులు లేవవు.

రాతి మీద చెక్కిన పేరు పదిహేను వందల ఏళ్లు నిలిచింది. కాగితం మీద రాసిన పేరు డెబ్బై అయిదేళ్లకే కనిపించకుండా పోవచ్చు. పోచంపల్లి కథలో ఆ రెండో సంగతే ఎక్కువ.

ఈ పేటల పేర్లు చూడండి. దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు ఇక్కడి పొలాలను ప్లాట్లు చేసిన దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ వల్ల వచ్చిందంటారు. ఎల్బీనగర్ లాల్ బహదూర్ శాస్త్రి పేరు. భూమి ఎవరిదో వారి పేరు, లేదంటే పదవిలో ఉన్నవారి పేరు. పొలం దున్నినవారి పేరు మీద కాలనీ వెలవడం అరుదు. నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి వైపు నుంచి వచ్చి ఈ కాలనీల్లో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. వారిలో చాలామందికి పోచంపల్లి అంటే పండగకు కొనే చీర. కొందరికి బడిలో చదివిన పాఠం. ఇక్కడి నుంచి విజయవాడ హైవే ఎక్కి హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్ దాటి ఎడమకు తిరిగితే ఆ ఊరు. అంతా కలిపి 40 కిలోమీటర్ల లోపే.

ఊరి పేరు ముందు ‘భూదాన్’ అని చేరడానికి కారణం ఒక్క రోజు. 1951 ఏప్రిల్ 18. 2026 ఏప్రిల్ 18 నాటికి దానికి 75 ఏళ్లు.

ఆ రోజుకు ముందు ఐదేళ్లు తెలియకపోతే ఆ రోజు అర్థం కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. అక్కడి నుంచి రగులుకున్న సాయుధ పోరాటం నల్లగొండ, వరంగల్ జిల్లాలను ఊపేసింది. దేశ్‌ముఖుల గడీలు, వెట్టి, నాగు వడ్డీలు, రజాకార్ల దాడులు, దళాలు, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, ఆ తర్వాత పల్లెల్లో పోలీసు క్యాంపులు. పగలు ఒకరి భయం, రాత్రి ఇంకొకరి భయం. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. చట్టం హైదరాబాద్‌లో ఉంది, భూమి పల్లెలో ఉంది. ఆ రెండింటి మధ్య పటేలూ పట్వారీ ఉన్నారు.

సరిగ్గా ఆ వేళకు గాంధీ శిష్యుడు వినోబా భావే వచ్చాడు. హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరుగుతోంది. రైలెక్కి రావచ్చు. ఆయన 1951 మార్చిలో వార్ధా వైపు నుంచి నడక మొదలుపెట్టి దాదాపు 500 కిలోమీటర్లు కాలినడకన వచ్చాడు. అప్పటికి ఆయన వయసు 55. కడుపులో పుండు ఉన్న బక్కపలచని మనిషి. సమ్మేళనం అయ్యాక తిరుగు రైలు పట్టలేదు. హైదరాబాద్ జైల్లో ఉన్న కమ్యూనిస్టులను కలిసి మాట్లాడి, ఆ తర్వాత తెలంగాణ పల్లెల్లోకి నడిచాడు. పోలీసు బందోబస్తు తీసుకోలేదు.

అప్పటి పోచంపల్లిలో సుమారు 700 గడపలు. మూడింట రెండు వంతుల కుటుంబాలకు సెంటు భూమి లేదు. వినోబా ఏ ఊరు వెళ్లినా ముందు దళితవాడకు పోయేవాడు. ఇక్కడా అంతే. మీకేం కావాలని అడిగితే వాళ్లు భూమి అన్నారు. ఎంత అంటే లెక్క కట్టి చెప్పారు. నలభై ఇళ్లు. ఇంటికి రెండెకరాలు. మొత్తం 80. అందులో 40 తరి (మాగాణి), 40 ఖుష్కి (మెట్ట).

ఈ లెక్క దగ్గర కాసేపు ఆగాలి. భూదానం కథ చెప్పేవారంతా దాత లేచి నిలబడిన క్షణానికి పరుగెత్తుతారు. ఈ 80 ఎకరాల లెక్క మాత్రం వాడలో పుట్టింది. తరి ఎంత, మెట్ట ఎంత అని కూడా వాళ్లే చెప్పారు. అంటే ఏడాదికి ఏ పంట వేస్తే ఎన్ని నోళ్లు గడుస్తాయో తెలిసిన రైతులు వాళ్లు. చేతిలో భూమి లేదన్నమాటే గానీ వ్యవసాయం తెలియక కాదు. జీవితమంతా ఊరోళ్ల భూమి దున్నినవారికి భూమి లెక్క తెలియకపోవడం ఏమిటి!

వినోబాకు మొదట తోచింది ప్రభుత్వమే. దరఖాస్తు రాసివ్వండి, పైకి పంపుతాను అన్నాడు. అంతలో ఇంకో ఆలోచన వచ్చి, అక్కడ చేరిన ఊరివాళ్లను అడిగాడు. ప్రభుత్వం ఇచ్చే దాకా ఆగకుండా మీలో ఎవరైనా ఇవ్వగలరా అని. వెదిరె రామచంద్రారెడ్డి లేచాడు. తన తండ్రి నరసింహారెడ్డి జ్ఞాపకార్థం వంద ఎకరాలు ఇస్తానన్నాడు. సగం తరి, సగం మెట్ట. వంద ఇస్తానన్నా వాడవాళ్లు తాము అడిగింది ఎనభయ్యేనని, అది చాలని అన్నారని వినోబా అనుచరుల కథనాల్లో ఉంది.

ఆ రాత్రి వినోబాకు నిద్ర పట్టలేదట. తనకు నమ్మకమున్నవి రెండే, దేవుడూ గణితమూ అని ఆయన తరచూ చెప్పుకొనేవాడు. దేశంలో సాగుభూమి సుమారు 30 కోట్ల ఎకరాలు. భూమిలేనివారికి సరిపడాలంటే అందులో ఆరో వంతు, అంటే 5 కోట్ల ఎకరాలు కావాలి. మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాణ్ణి అనుకుని నా వాటా ఇవ్వండి అని ఆ తర్వాత ఊరూరా అడిగింది ఈ లెక్కతోనే. చిత్రం ఏమిటంటే, పోచంపల్లి దళితవాడ వేసిన చిన్న లెక్క దేశమంత పెద్ద లెక్కకు మూలమైంది.

తెలంగాణలో 51 రోజులు, దాదాపు 200 ఊళ్లు, సుమారు 12 వేల ఎకరాలు. తర్వాత ఉత్తరాదికి, బిహార్‌కు, ఒరిస్సాకు, తమిళనాడుకు. పదమూడేళ్లకు పైగా నడక. 1953లో అమెరికా టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది. 1958లో రామన్ మెగసెసే అవార్డు మొదలైన ఏడాదే ఆయనకు వచ్చింది. దేశం మొత్తం మీద దానంగా రాసిచ్చినది 40 లక్షల ఎకరాలు దాటింది. ఐదు కోట్ల లక్ష్యంలో అది పదో వంతు కూడా లేదు. అయినా భూమి కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే దేశంలో 40 లక్షల ఎకరాలు అడిగి తెచ్చుకోవడం చిన్న సంగతేమీ కాదు.

ఇక్కడ ఒక పక్క మాట. పోచంపల్లి కథను ‘కత్తి ఓడింది, కరుణ గెలిచింది’ అని చెప్పేవాళ్లకు 1952 ఎన్నికలు ఇబ్బందిగా ఉంటాయి. భూదానం జరిగిన ఏడాది తిరగకముందే దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డి నిలబడ్డాడు. భువనగిరి దగ్గరి బొల్లేపల్లివాడు, సాయుధ పోరాట నాయకుడు, భూస్వామి ఇంట పుట్టి సొంత భూమి పంచినవాడు. 3 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. నెహ్రూకు వచ్చిన ఓట్లకంటే ఎక్కువ, దేశంలోనే అత్యధికం. వినోబాకు భూమి ఇచ్చిన జిల్లాయే పోరాటానికీ ఓట్లిచ్చింది. జనానికి ఇందులో వైరుధ్యమేమీ కనిపించలేదు. దండం పెట్టి అడిగేవాడూ కావాలి, ఎదిరించి నిలబడేవాడూ కావాలి. ఒకరి వల్లే రెండోవారి మాటకు బరువు వచ్చిందని చెప్పుకోవడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

దానం ఒక మాట. ఆ మాట భూమిగా మారాలంటే హద్దులు చూడాలి, సర్వే నంబరు రాయాలి, పంచాలి, పట్టా ఇవ్వాలి, పహాణీలో పేరెక్కాలి. దేశవ్యాప్తంగా భూదానం తడబడింది ఈ చోటే. ఇచ్చినదాంట్లో కొంత రాళ్లగుట్ట, కొంత కోర్టు కేసుల్లో ఉన్నది. కొన్ని చోట్ల దాత పోయాక వారసులు తమకు తెలియదన్నారు. ఆంధ్రప్రదేశ్ 1965లో భూదాన, గ్రామదాన చట్టం చేసింది. దాని ప్రకారం భూదాన భూమి పొందినవాడు సాగు చేసుకోవచ్చు, పిల్లలకు ఇవ్వొచ్చు, అమ్ముకోవడానికి వీల్లేదు. రాసుకోవడానికి చక్కని నిబంధన. ఎకరం వేలల్లో ఉన్నప్పుడు అది నిలిచింది. హైదరాబాద్ పెరిగి, ఎకరం కోట్లలోకి పోయాక అదే భూమి చుట్టూ గొడవలు ముదిరాయి. రంగారెడ్డి జిల్లాలో భూదాన భూములపై కేసులు హైకోర్టు దాకా వెళ్లాయి. దూరం పోనక్కర్లేదు, ఇక్కడికి దగ్గర్లోనే హయత్‌నగర్ పక్కన కుంట్లూరులో భూదాన భూముల్లో పేదలు గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల పేటకు పెట్టుకున్న పేరు రావి నారాయణరెడ్డి నగర్. వినోబా భూమి, రావి నారాయణరెడ్డి పేరు. నల్లగొండ ఓటరు 1952లో చేసిన పనే మళ్లీ జరిగింది.

పోచంపల్లిలో వినోబా మందిరం ఉంది, విగ్రహం ఉంది. రామచంద్రారెడ్డి పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. ఆ వేళ ఊళ్లో భూమి ఉన్నవారు ఇంకా ఉన్నారు, లేచి నిలబడింది ఆయనే. కానీ అడిగిన నలభై ఇళ్ల పేర్లు? ఏ పుస్తకం తిరగేసినా వాళ్లు ‘40 కుటుంబాలు’ అనే అంకెగానే వస్తారు. డెబ్బై అయిదేళ్ల ఉత్సవానికి ఆ నలభై ఇంటిపేర్లూ, వారికి అందిన సర్వే నంబర్లూ ఒక గోడ మీద రాయించి పెడితే ఖర్చు ఏ ఫ్లెక్సీకంటే ఎక్కువ కాదు. ఫ్లెక్సీ ఎండకు వెలుస్తుంది, వానకు చిరుగుతుంది.

ఇక ఊరికి రెండో పేరు తెచ్చిన నూలు దగ్గరికి.

ఇక్కత్ పోచంపల్లిలో పుట్టలేదు. ఈ మాట చెబితే ఊళ్లో కొందరికి కాస్త కష్టంగా ఉంటుంది, కానీ నిజం. దాని ఇల్లు చీరాల. తేలియా రుమాలు అక్కడి సరుకు. నూలును నూనెలో, ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఎరుపూ నలుపూ తెలుపూ మూడు రంగులతో నేసేవారు. నూనె వాసన చచ్చినా పోదు, అందుకే ఆ పేరు. అరబ్బు దేశాలకు, బర్మాకు, ఆఫ్రికా తీరానికి పోయేది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఆ విద్య కృష్ణ దాటి నల్లగొండ పద్మశాలీల చేతికి వచ్చింది. నల్లగొండ మెట్టలో ఆముదానికి కరువు లేదు కనుక బూడిదకూ లేదు. రుమాళ్ల నుంచి చీరలకు, నూలు నుంచి పట్టుకు మారడం స్వాతంత్ర్యం తర్వాతి మాట.

మామూలు నేతలో తెల్ల నూలుకు ఒకే రంగు వేసి, మగ్గం మీద డిజైను తీస్తారు. ఇక్కత్‌లో బొమ్మ మగ్గానికి రాకముందే నూలులో ఉంటుంది. పోచంపల్లిలో దీన్ని చిటికి కట్టడం అంటారు. ముందు గ్రాఫు కాగితం మీద గళ్లు. మేకుల మీద ఆసు పోసిన పేకను, అంటే అడ్డనూలును, చట్రానికి బిగించి, గళ్ల ప్రకారం గుర్తులు పెడతారు. రంగు ఎక్కకూడని చోట రబ్బరు పట్టీ బిగించి చుడతారు. ఆ పట్టీలు ఏ ఫ్యాక్టరీ నుంచీ రావు. పాత సైకిలు ట్యూబును కత్తెరతో సన్నగా చీల్చినవే. రంగులో ముంచుతారు, ఆరబెడతారు, కొన్ని పట్టీలు విప్పి కొన్ని కొత్తగా కట్టి మళ్లీ ముంచుతారు. లేత రంగు ముందు, ముదురు రంగు చివర. ఒక పట్టీ అర అంగుళం జరిగితే చిలుక ముక్కు చిలుక వీపు మీద పడుతుంది. అంతా అయ్యాక కండెలకు చుట్టి వరుస తప్పకుండా పెడతారు. గుంట మగ్గం దగ్గర నేతగాడు నాడె వేసిన ప్రతిసారీ పేకను వేలితో కొద్దిగా లాగి బొమ్మకు బొమ్మ కలుపుతాడు. పూర్తిగా కలవదు. అంచుల దగ్గర రంగు పొగలా మసకబారుతుంది. ఇక్కత్ అందం ఆ మసకే.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట చీరల కొట్లలో ‘పోచంపల్లి’ అని అమ్మేవాటిని ఈ మసకతోనే గుర్తుపట్టాలి. అంచులు గీత గీసినట్టు ఉండి, తిరగేస్తే వెనక వెలిసినట్టు కనిపిస్తే అది ప్రింటు. అసలు ఇక్కత్‌కు బోర్లా, వెల్లకిలా తేడా ఉండదు. ఈ నకళ్లను అడ్డుకోవడానికే పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు తీసుకున్నారు. దేశంలో ఆ గుర్తింపు కోసం వచ్చిన మొట్టమొదటి దరఖాస్తుల్లో, డార్జిలింగ్ టీతో పాటు, ఇదీ ఉంది. నకిలీలు ఆగాయా అంటే, కొత్తపేట రోడ్డు మీద పది అడుగులు వేస్తే జవాబు దొరుకుతుంది.

పెద్దలు వచ్చారు, పోయారు. శ్యామ్ బెనెగల్ 1987లో ఇక్కడి నేతగాళ్ల కష్టం మీద ‘సుస్మన్’ తీశాడు. ఇదే నేత నేసే పుట్టపాక ఊరి నుంచి గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి. 2018లో ఊరు మునిసిపాలిటీ అయింది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ మొదటిసారి ప్రకటించిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో, 32 దేశాల 44 ఊళ్లలో ఒకటిగా భూదాన్ పోచంపల్లి నిలిచింది. కాగితాల మీద పట్టణం, పతకం మీద గ్రామం. 2023 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, 2025 మేలో మిస్ వరల్డ్ పోటీదారులు వచ్చి మగ్గం ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. ఆ ఫొటోల్లో మగ్గం ఉంటుంది, చీర ఉంటుంది. ఆసు కనిపించడం తక్కువ.

ఆసు పోయడం ఇంటి ఆడవాళ్ల పని. ఒక వైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఈ మేకు నుంచి ఆ మేకుకు చేయి చాచి దారం తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు. రోజుకు రెండు చీరలకైతే 18 వేలు. భుజం పట్టేస్తుంది, మోచేయి వాస్తుంది, కళ్లు మసకబారతాయి. కూలి లెక్కలో ఆ పనికి ఎక్కువసార్లు విడిగా గడి ఉండదు. మగ్గం కూలిలోనే కలిసిపోతుంది. దళితవాడ నలభై ఇళ్లు ఊరి చరిత్రలో అంకెగా మిగిలినట్టే, ఆసు పోసిన ఆడవాళ్లు చీర ధరలో కనపడని గుణకం.

ఆలేరు దగ్గర శారాజిపేటలో చింతకింది మల్లేశం అనే కుర్రాడు తల్లి భుజం నొప్పి చూస్తూ పెరిగాడు. చదువు ఆరో తరగతి దాకానే సాగింది. 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, ఊరివాళ్లు పిచ్చోడనుకున్నా వదలకుండా, హైదరాబాద్‌లో కూలి పని చేస్తూ ఒక్కో భాగం అతికించి, 1999కి ఆసు పోసే యంత్రం తయారుచేశాడు. చేత్తో గంటల తరబడి పట్టే పని గంటన్నరలో అయిపోయింది. తర్వాత పేటెంటు, 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన మీద సినిమా. పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్లలో వందల ఇళ్లకు ఆ యంత్రం చేరింది.

ఇలాంటి యంత్రానికి మామూలుగా చేసినవాడి పేరు పెడతారు, లేదంటే పెట్టుబడి పెట్టిన కంపెనీ పేరు. మల్లేశం తల్లి పేరు లక్ష్మి. ఈ ఊళ్లలో ఆ యంత్రాన్ని లక్ష్మీ ఆసు యంత్రం అంటారు.